నీరుగంటి ధర్మం

చెరువు నిండిన ఏడాది తూము ఎప్పుడు తెరవాలో ఊరి పెద్దలు చావడిలో కూర్చుని నిర్ణయించేవారు. తెరిచిన తూము నుంచి ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో, ఎవరి వంతు తరువాత ఎవరి వంతు రావాలో చూసే పని మాత్రం నీరుగంటిది. రాయలసీమలో నీరుగంటి అనీ, తెలంగాణలో నీరడి అనీ, మరికొన్ని చోట్ల నీరుకట్టు అనీ వ్యవహరింపబడిన ఈ గ్రామసేవకుడు అవసరమైతే నీటిలోకి దిగి తూము బిరడా ఎత్తేవాడు. పొలం గట్ల వెంట రాత్రింబవళ్ళు తిరిగేవాడు. కాలువకు గండి పడితే మట్టి వేసి పూడ్చేవాడు. వాన జోరు పట్టిన రాత్రులలో కట్ట మీద కాపలా ఉండి, ప్రమాదం కనిపిస్తే ఊరిని లేపేవాడు. ఆయకట్టు రైతు తన మడికి తానే నీరు మళ్ళించుకోవడం చాలా గ్రామాల్లో తప్పుగా పరిగణింపబడేది.

ఇంత బరువైన బాధ్యతను ఊరు ఎవరికి అప్పగించింది? సాధారణంగా భూమి లేనివానికి. చాలా ప్రాంతాల్లో నీరుగంటి ఊరి వెలుపలి వాడల నుంచి, అస్పృశ్యులుగా చూడబడిన కులాల నుంచి వచ్చినవాడు. సేవకు ప్రతిఫలంగా చిన్న ఇనాము చెక్క ఉన్నచోట్ల ఉండేది. కాని ఆయకట్టు రైతులకు అతడు పోటీదారు కాడు. పెద్ద రైతుకూ చిన్న రైతుకూ మధ్య, తూము దగ్గరి మడికీ చివరి మడికీ మధ్య అతనికి సొంత లాభనష్టాలు లేవు. పంచేవానికి తన దాహం అంటూ ఒకటి ఉండరాదన్నది ఈ ఏర్పాటు వెనుక ఉన్న తర్కం. ఆ తర్కం చాలావరకు ఫలించింది కూడా. కాని ఊరి పంట కంతటికీ నీరు పంచిన ఆ చేయి ఊరి మంచినీటి బావిలో చేద వేయడానికి వీలులేదు.

దీనిని ఒక వైపరీత్యంగా చెప్పి దాటిపోయేవారే ఎక్కువ. నిజానికి ఆ రెండూ ఒకే ఏర్పాటులోని భాగాలు. బావి దగ్గర హక్కు లేకపోవడమే తూము దగ్గర అతని యోగ్యత అయింది. వికేంద్రీకరణను గురించి, గ్రామస్థాయి ప్రజాసేవలను గురించి ఈ దేశంలో జరిగిన చర్చ అంతటిలోనూ ఈ నీరుగంటి ప్రశ్న ఎక్కడో ఒకచోట దాగి ఉంది. సేవ చేసేవాని నిష్పక్షపాతానికి ఆధారం ఏమిటి? అతని లేమా, ఊరికి అతడు దూరంగా ఉండటమా, లేక అతడు అప్పజెప్పవలసిన లెక్కా?

లేమిని న్యాయానికి పూచీగా చూపిన ఆలోచన మన పల్లెలదే కాదు. ప్లేటో తన ఆదర్శరాజ్యంలో రక్షక వర్గానికి సొంత ఆస్తి ఉండరాదన్నాడు. అధికారమూ ఆస్తీ ఒకే చేతిలో ఉంటే కావలికుక్క తోడేలుగా మారుతుందని ఆయన భయం. మన సంప్రదాయంలో తగవు తీర్చడానికి విరాగిని పిలవడమూ ఈ కోవలోనిదే. కాని ప్లేటో రక్షకులు పాలకులు. వారికి ఆస్తి లేకున్నా మాట ఉంది. విరాగి తనకున్నదానిని తానే వదులుకున్నవాడు. నీరుగంటి దేనినీ వదులుకోలేదు, వదులుకోవడానికి అతనికి ఏదీ ఇవ్వబడలేదు. త్యాగం అనడానికి ముందు కలిగి ఉండటం అనేది ఒకటి కావాలి. లేనివాని చేత చేయించిన త్యాగానికి సేవ అని పేరు పెట్టడంలో ఒక భాషాచమత్కారం ఉంది. దానిని మన సామాజిక నిఘంటువు చాలాకాలం ప్రశ్నించలేదు.

విజయనగర కాలానికి స్థిరరూపం పొందిన ఆయగాండ్ర వ్యవస్థను గ్రామ వికేంద్రీకరణకు మేలైన నమూనాగా పేర్కొనడం పరిపాటి. పెద్దకాపు, కరణం, తలారి, పురోహితుడు, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, నీరుగంటి, వెట్టివాడు ఇలా ప్రాంతాన్ని బట్టి కొద్ది మార్పులతో పన్నెండు మంది ఆయగాండ్రు గ్రామానికి కావలసిన పనులన్నీ నిర్వహించేవారు. వారికి నెలజీతం లేదు. కొందరికి ఇనాము భూమి, అందరికీ పంట కళ్ళంలో మేర. పంట పండితే మేర నిండుగా వచ్చేది. ఎండితే సేవకుడూ రైతుతోపాటు పస్తులున్నాడు. పని సరిగా చేయనివాని మేర కళ్ళంలోనే తగ్గేది, అదీ పదిమంది ఎదుట. దూరాన ఉన్న ఖజానా నుంచి జీతం పొందే ఉద్యోగికి లేని బాధ్యత ఇందులో ఉన్నదని మెచ్చుకునేవారి మాటను తీసిపారేయనక్కరలేదు. అయితే మేర తగ్గించే హక్కు ఒక పక్షానికే ఉంది. కొలత తక్కువైనదని వెట్టివాడు ఎవరితో చెప్పుకోవాలన్న ప్రశ్నకు ఆ వ్యవస్థలో జవాబు లేదు.

మెచ్చుకోవలసిన మరొక ఏర్పాటు దామాషా. చెరువులో నీరు సగమే చేరిన ఏడాది ఆయకట్టంతా సాగు చేయబోతే ఎవరి పంటా దక్కదు. అటువంటప్పుడు తూముకు దగ్గరి భూమిని మాత్రమే సాగుకు ఎంచి, దానిని ఆయకట్టు రైతులందరికీ వారి వారి భూముల నిష్పత్తిలో ఆ ఒక్క పంటకు పంచేవారు. తూము దగ్గరి మడి ఎవరిదైనా ఆ ఏడు అది ఉమ్మడిది. కరవును ఇంత మర్యాదగా పంచుకున్న సమాజాలు ఎక్కువ లేవు. నేడు ఎన్నికల సంస్కరణలను గురించి వ్రాసేవారు దామాషా ప్రాతినిధ్యం అన్నప్పుడు ఆ మాట వెనుక ఒక ఎండిన చెరువు కూడా ఉందని తలచుకుంటే బాగుంటుంది. దామాషాకు ఉన్న హద్దు కూడా ఆ మాటలోనే ఉంది. అది ఉన్న భూమిని బట్టి పంచింది. సున్నాకు నిష్పత్తి కట్టడం సాధ్యం కాదు. చెరువు పూడిక తీసినవాడు, కట్ట మీద కాపలా కాసినవాడు ఆ లెక్కలోకి రాలేదు. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఆరు దోషాలను అది శాస్త్రీయంగా వివరిస్తుంది. 1000 మంది కూలీలు, 100 బండ్లు రెండేళ్ళపాటు పనిచేసినట్లు చెబుతుంది. కట్టించిన రాజకుమారుడు భాస్కరుని పేరు రాతి మీద నిలిచింది. కూలీలు అంకెగా నిలిచారు.

లేమి మీద కాక లెక్క మీద నిష్పక్షపాతాన్ని నిలబెట్టే ప్రయత్నం కూడా దక్షిణదేశంలో జరిగింది. కాంచీపురానికి సమీపంలోని ఉత్తరమేరూరులో చోళరాజు మొదటి పరాంతకుని కాలంలో 919లోనూ 921లోనూ చెక్కిన శాసనాలు గ్రామసభ నియమావళిని సవివరంగా చెబుతాయి. ఊరు 30 వార్డులు. అర్హుల పేర్లు తాటాకుల మీద వ్రాసి కుండలో వేసి, ఏమీ తెలియని బాలుని చేత తీయించేవారు. అలా వచ్చినవారితో సంవత్సర వారియం, తోట వారియం, చెరువును చూసే ఏరి వారియం మొదలైన సంఘాలు ఏర్పడేవి. పదవి ఒక సంవత్సరమే; గడచిన మూడేళ్ళలో పనిచేసినవారికి మళ్ళీ అవకాశం లేదు. అన్నిటికంటే గమనార్హమైన నిబంధన మరొకటి. ఇదివరకు సంఘంలో ఉండి లెక్క అప్పజెప్పనివాడు అనర్హుడు. అంతేకాదు, అతని దగ్గరి బంధువులందరూ అనర్హులే. చెరువు సొమ్ము తిన్నవాడు పదవిని బావమరిదికి అప్పగించి తాను వెనుక నిలబడటం ఎంత పాతదో ఈ నిబంధన వ్రాసినవారికి బాగా తెలుసు.

ఇక్కడ నమ్మకం మనిషి లేమి మీద ఆధారపడలేదు. సంఘసభ్యునికి భూమి ఉంది, స్వార్థమూ ఉండి తీరుతుంది. దానికి విరుగుడుగా గడువు, చీటీ, లెక్క అనే మూడు కట్టుబాట్లు ఉన్నాయి. నైతికంగా ఇది నీరుగంటి ఏర్పాటు కంటే ఒక మెట్టు పైది. అయితే కుండలో ఎవరి పేరు పడుతుంది? పన్ను చెల్లించే భూమి కనీసం పావు వేలి కలిగి, సొంత స్థలంలో ఇల్లు కట్టుకుని, 35 ఏళ్ళు దాటి 70 లోపు వయసుండి, వేదవిద్య నేర్చినవానిది. అది బ్రాహ్మణ అగ్రహారపు సభ. లెక్క చెప్పే ధర్మం అక్కడ పరిపూర్ణంగానే ఉంది. లెక్క అడిగే హక్కు మాత్రం చెప్పేవారి సాటివారికే ఉంది.

1948లో రాజ్యాంగ సభలో జరిగిన వాదం ఈ పాత చీలికనే మళ్ళీ పైకి తెచ్చింది. భారత గ్రామాలను తమకు తామే చాలిన చిన్న గణరాజ్యాలుగా చార్లెస్ మెట్కాఫ్ 1830లోనే వర్ణించాడు. గాంధీజీ గ్రామస్వరాజ్య భావన వేరే దారిన వచ్చినా ఆ చిత్రానికి కొత్త కాంతి నిచ్చింది. నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను ప్రవేశపెడుతూ డాక్టర్ అంబేడ్కర్ ఆ చిత్రాన్ని నిరాకరించారు. గ్రామం సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నెలవన్న అర్థంలో మాట్లాడారు. సభలో చాలామంది నొచ్చుకున్నారు. దక్షిణదేశంలో వేయేళ్ళపాటు పంచాయతులు సాధించినదేమిటో తెలిసి ఉంటే అంబేడ్కర్ ఆ మాట అని ఉండేవారు కారని ఆచార్య రంగా బదులిచ్చారు. పంచాయతులను ఆదేశిక సూత్రాలలో చేర్చాలన్న సంతానం సవరణను టంగుటూరి ప్రకాశం పంతులు హృదయపూర్వకంగా సమర్థించారు. అదే తరువాత 40వ అధికరణం అయింది.

ఈ వాదంలో ఎవరు గెలిచారన్న ప్రశ్న కంటే, ఎవరు ఏ అనుభవం నుంచి మాట్లాడారన్నది ముఖ్యం. అంబేడ్కర్ మాట వెనుక మహాడ్ చెరువు ఉంది. బొంబాయి శాసనమండలి 1923లో ప్రజాధనంతో నడిచే చెరువులు, బావులు, బడులు అందరికీ తెరవాలని తీర్మానించింది. ఆ మేరకు మహాడ్ పురపాలక సంఘం చవదార్ చెరువును అస్పృశ్యులకు తెరుస్తున్నట్లు 1924లో ప్రకటించింది. తీర్మానం కాగితం మీద ఉంది. నీటి దగ్గరికి వెళ్ళే ధైర్యం ఎవరికీ రాలేదు. 1927 మార్చి 20న వేలమందితో వెళ్ళి అంబేడ్కర్ ఆ నీరు తాగారు. ఆ తరువాత సవర్ణులు చెరువును శుద్ధి చేశారు. ఆగస్టులో పురపాలక సంఘమే తన తీర్మానాన్ని రద్దు చేసుకుంది. హక్కు ఖాయమైనది 1937లో, బొంబాయి హైకోర్టులో. అధికారం ఎంత దగ్గరగా ఉంటే అంత మేలన్న సూత్రానికి మహాడ్ ఒక కఠినమైన మినహాయింపు. అక్కడ దగ్గరగా ఉన్నది పొరుగువాడి కర్ర. న్యాయం దూరపు నగరంలో ఉంది.

దీనిని బట్టి దూరమే న్యాయానికి పూచీ అనుకుంటే అదీ పొరపాటే. దూరపు కొండలు నునుపు. మద్రాసు ప్రభుత్వం పందొమ్మిదవ శతాబ్దంలో చెరువుల ఆదాయాన్ని తన చేతికి తీసుకుంది. మరమ్మతు మాత్రం రైతుల అలవాటుగా సాగాలని ఆశించింది. ఆ అలవాటు సన్నగిల్లడంతో 1858లో చట్టం చేసి నిర్బంధ శ్రమను విధించింది. ఊరు తనంతట తాను చేసుకున్న పని పైనుంచి దిగిన ఆజ్ఞ అయ్యేసరికి దాని ప్రాణం పోయింది. దామాషా నిర్ణయించే పెద్దలు లేరు. బదులుగా వచ్చిన పర్యవేక్షక ఉద్యోగికి ఏ తూము ఏ మడికి పారుతుందో తెలియదు. సొంత ఊళ్ళో నియమించకపోవడం, మూడేళ్ళకొకసారి బదిలీ చేయడం ద్వారా నిష్పక్షపాతాన్ని సాధించవచ్చునన్నది ఆధునిక పరిపాలన నమ్మకం. బదిలీ అయ్యే ఉద్యోగికి బంధువులు ఉండరు నిజమే, చెరువు జ్ఞాపకమూ ఉండదు.

కరణం కథలో దగ్గరితనపు దోషమూ దూరపు దోషమూ రెండూ కనిపిస్తాయి. 1802 నాటి 29వ రెగ్యులేషన్ మద్రాసు రాజధానిలో కరణాల విధులను నిర్దేశించింది. 1895 నాటి చట్టం గ్రామోద్యోగాల వంశపారంపర్యాన్ని క్రమబద్ధం చేసింది. ఊరి ప్రతి గట్టూ, ప్రతి తగాదా కరణానికి కంఠస్థం. కాని ఉత్తరమేరూరులో సభకు అప్పజెప్పవలసిన లెక్క కరణం ఇంటి పెట్టెలోకి చేరి కుటుంబపు సొత్తు అయింది. అడంగల్ నకలు కావలసిన రైతు ఆ అరుగు మీద ఎంతసేపు కూర్చోవాలన్నది రైతు కులమూ స్థితీ నిర్ణయించేవి. గుంటూరు జిల్లా నుంచి వెళ్ళిన ఒక గ్రామ మునసబు నియామకపు కేసులో సుప్రీంకోర్టు 1960లో వంశపారంపర్య నియమాన్ని సమానావకాశానికి విరుద్ధమని కొట్టివేసింది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులనే రద్దు చేసింది. పల్లెలు చాలావరకు సంతోషించాయి. ఆ తరువాత గ్రామ సహాయకులు, పంచాయతీ కార్యదర్శులు, గ్రామ రెవెన్యూ అధికారులు అంటూ పేర్లు మారుతూ వచ్చాయి. తెలంగాణలో ఆ చివరి పదవి 2020లో రద్దయి 2025లో గ్రామ పాలనాధికారిగా మళ్ళీ వచ్చింది. ఊరి లెక్క ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్నకు నాలుగు దశాబ్దాలుగా సమాధానం వెదుకుతున్నట్లే ఉంది.

నీరుగంటి వారసులు ఏమైనారు? తలారి, వెట్టి, నీరడి మొదలైనవారు కాలక్రమంలో గ్రామ రెవెన్యూ సహాయకులు అయ్యారు. తెలంగాణలో 20 వేలకు పైగా ఉన్న ఈ సహాయకులను 2023లో పేస్కేలుతో నీటిపారుదల సహా వివిధ శాఖల్లో సర్దుబాటు చేశారు. గౌరవభృతి నుంచి జీతానికి, పిలుపు నుంచి హోదాకు వచ్చిన ఈ మార్పును స్వాగతించవలసిందే. మేర కోసం కళ్ళం చివర నిలబడిన తాత కంటే మనుమడు తప్పక మెరుగైన మనిషి. చెరువు విషయం వేరు. మిషన్ కాకతీయ కింద 2015 నుంచి 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణకు సంకల్పం జరిగింది. పూడిక తీసి, కట్ట బలపరచి, తూము బాగు చేయడం యంత్రానికి సాధ్యం. తూము దగ్గర రాత్రి ఎవరు ఉండాలి, చివరి మడి రైతు ఎవరిని నిలదీయాలి అన్నది టెండరులో వ్రాసే అంశం కాదు.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చినప్పుడు 11వ షెడ్యూలులోని 29 అంశాలలో చిన్న తరహా నీటిపారుదల ఒకటి. దళితులకు, గిరిజనులకు, స్త్రీలకు సీట్లు కేటాయించడం ద్వారా ఉత్తరమేరూరు కుండను పగలగొట్టి కొత్త కుండ చేసినంత పని ఆ సవరణ చేసింది. అయినా చెరువు నీరు పంచాయతీకి పూర్తిగా చేరలేదు. ఆంధ్రప్రదేశ్ 1997లో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం చేసి 10 వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిపింది. దేశమంతా ప్రశంసించిన సంస్కరణ అది. అందులో ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవారిది. చెరువులో బట్టలు ఉతికే చాకలి, చేపలు పట్టే బెస్త, గొర్రెలకు నీరు పెట్టే గొల్ల ఇతర వినియోగదారులుగా సంఘంలో ఉండవచ్చు, ఓటు లేకుండా. దామాషా మారలేదు, చట్టపు రూపం పొందింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న సుమారు 15 వేల గ్రామ, వార్డు సచివాలయాలు ఏర్పడి సేవ గడప దగ్గరికి వచ్చింది. ఆ సిబ్బంది జవాబు చెప్పవలసింది ఎన్నికైన సర్పంచికా, తమ తమ శాఖలకా అన్నది మాత్రం మొదటి నుంచీ వివాదంగానే ఉంది. దగ్గరికి వచ్చిన సేవ వేరు, దగ్గరికి వచ్చిన అధికారం వేరు.

సున్నాకు నిష్పత్తి కట్టడం సాధ్యమేనని చూపిన ప్రయత్నాలు లేకపోలేదు. 1972 కరవు తరువాత మహారాష్ట్రలోని పురందర్ తాలూకాలో విలాసరావ్ సాళుంకే ఆరంభించిన పానీ పంచాయత్ నీటిని భూమి విస్తీర్ణాన్ని బట్టి కాక, కుటుంబంలోని మనుషుల సంఖ్యను బట్టి పంచింది. భూమి లేనివారికీ వాటా ఇచ్చింది. భూమి అమ్ముకున్నా నీటి హక్కు దానితోపాటు పోదు. అది చిన్న ప్రయోగమే. కాని వేయేళ్ళ ఉత్తరమేరూరు శాసనం అడగని ప్రశ్నను అది అడిగింది.

లెక్క సంగతికి వస్తే, 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. పనులలో చాలాభాగం చెరువు పూడికతీత, కాలువ మరమ్మతు వంటివే. అంటే నీరుగంటి వాడలవారు తరతరాలుగా లెక్కలేకుండా చేసిన పనులే. ఆ ఏడాది నుంచే ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ మొదలైంది. ఊరిలో కొద్దిరోజులు ఇంటింటికీ తిరిగి వివరాలు సేకరించిన తరువాత, బడి వరండాలోనో చెట్టు కిందనో సభ జరిపి మస్టర్ రోల్‌ను పైకి చదివేవారు. ఎవరు ఎన్ని రోజులు పని చేశారు, ఎంత మట్టి తీశారు, ఎంత చెల్లించారు అన్నీ పేర్లతో సహా. పోరుమామిళ్ళ రాతి మీద అంకెగా మిగిలినవారి వారసులు ఎదుట కూర్చుని వినేవారు. చదువుతున్న గొంతు ఒక పేరు దగ్గరికి వచ్చినప్పుడు, ఆ పేరు గల మనిషి లేచి ఆ రోజుల్లో తాను ఊళ్ళో లేనని, వేలిముద్ర తనది కాదని చెప్పిన సందర్భాలు ఎన్నో. అప్పుడు కుర్చీలో ఉన్న అధికారి కాగితం నుంచి తల ఎత్తి అతని వైపు చూడవలసి వచ్చేది.